కొత్త సిస్టమ్ కట్టించినా కోరెల్ కదలట్లేదు

ప్రశ్న: గాజువాకలో మాది చిన్న డిజైనింగ్ షాపు. శుభలేఖలు, ఫ్లెక్సీలు, విజిటింగ్ కార్డులు చేసి ప్రెస్సులకు పంపిస్తాం. పాత సిస్టమ్ మొరాయిస్తోందని ద్వారకానగర్‌లో కొత్తది కట్టించాం. ఐ5 14400 ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, 8 జీబీ గ్రాఫిక్స్ కార్డ్, 512 జీబీ ఎస్ఎస్‌డీ. మా పాత డిజైన్లన్నీ ఉన్న హార్డ్‌డిస్క్ తీసి ఇందులోనే పెట్టించాం. ఫాంట్లు కూడా పాతదాంట్లోవి మొత్తం కాపీ చేశాం. పాత సిస్టమ్ పక్కన బిల్లింగ్‌కు ఉంచాం, ప్రింటర్ దానికే ఉంది. తీరా చూస్తే కొత్తదాంట్లో మేం డిజైన్లు చేసే కోరెల్‌డ్రా తెరుచుకోడానికే రెండు నిమిషాలు పడుతోంది. ఫాంట్ మార్చబోతే స్క్రీన్ తెల్లగా అయిపోయి నిలబడిపోతుంది. ఫోటోషాప్‌లో పది బై ఎనిమిది ఫ్లెక్సీ తెరిస్తే ఫ్యాన్ మోతే గానీ పని జరగదు. స్క్రాచ్ డిస్క్ నిండిందని కూడా అంటోంది. అమ్మినాయన ఇంకో 16 జీబీ ర్యామ్ వేయించమంటున్నారు. మా మేనల్లుడేమో ఫార్మాట్ కొట్టేద్దాం అంటున్నాడు. మాఘమాసం పెళ్ళిళ్లు నెత్తి మీదకొచ్చాయి. ఏం చెయ్యమంటారు?
– ఒక పాఠకురాలు, గాజువాక

జవాబు: ఆ రెండు పనులూ ప్రస్తుతానికి ఆపండమ్మా. ర్యామ్ కొంటే డబ్బు పోతుంది, ఫార్మాట్ కొడితే రెండు రోజులు పోతాయి. మీరు అన్నీ ఒకే సమస్య అన్నట్టు రాశారు గానీ ఉత్తరంలో మూడు వేర్వేరు రోగాలు కనిపిస్తున్నాయి. కోరెల్ తెరుచుకోకపోవడం ఒకటి, ఫాంట్ దగ్గర బిగుసుకుపోవడం ఇంకొకటి, ఫోటోషాప్ స్క్రాచ్ డిస్క్ (ర్యామ్ చాలనప్పుడు అది తాత్కాలికంగా వాడుకునే డిస్క్ చోటు) గోల మూడోది. ర్యామ్ వల్ల మహా అయితే మూడోది కాస్త తగ్గొచ్చు, మొదటి రెండింటికీ దానికీ సంబంధం లేదు. ఫార్మాట్ కొడితే వారం రోజులు బాగానే ఉంటుంది. ఆ వారంలో మీరు మళ్ళీ అవే ఫాంట్లు, అదే ప్రింటర్, అదే హార్డ్‌డిస్క్ తెచ్చి పెడతారు. కథ మళ్ళీ మొదటికొస్తుంది.

ముందు క్యాబినెట్ వెనక్కి వెళ్లి ఒక్కటి చూసి రండి. మానిటర్ వైరు ఎక్కడ గుచ్చి ఉంది? యూఎస్‌బీ, నెట్ వైరు గుచ్చే చోట, పైన ఉన్న హెచ్‌డీఎంఐ మదర్‌బోర్డుది. దానికి కింద విడిగా అడ్డంగా కనిపించే వరసలోది గ్రాఫిక్స్ కార్డుది. మీ 14400 ప్రాసెసర్‌లో దాని సొంత గ్రాఫిక్స్ కూడా ఉంది, అందుకే వైరు పైన గుచ్చినా బొమ్మ చక్కగా వస్తుంది, ఎవరికీ అనుమానం రాదు. అంత డబ్బు పోసి కొన్న కార్డు మాత్రం చాలా మటుకు ఊరికే కూర్చుంటుంది. వైరు కిందికి మార్చండి. తర్వాత స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి డివైస్ మేనేజర్‌లో డిస్‌ప్లే అడాప్టర్స్ తెరవండి. అక్కడ మీ కార్డు పేరు కాకుండా మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్ అని ఉంటే కార్డును నడిపించే సాఫ్ట్‌వేర్, అంటే డ్రైవర్ ఎక్కించలేదని అర్థం. ఆ పని అమ్మినాయన బాధ్యత, ఫోన్ చేసి చేయించుకోండి. దీంతో ఫోటోషాప్‌లో జూమ్, పాన్ మెరుగవుతాయి. కోరెల్ బాధ మాత్రం దీనివల్ల తీరదు.

ఇక అసలు పరీక్ష. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పెర్ఫార్మెన్స్ అనే చోటికి వెళ్లి, ఆ కిటికీని స్క్రీన్ మీద ఓ పక్కన ఉంచి మామూలుగా పని చేసుకోండి. బిగుసుకుపోయినప్పుడు వెంటనే అటు చూడాలి, సర్దుకున్నాక చూస్తే ఏమీ తెలియదు. మెమరీ నిండిందా, డిస్క్ 100 శాతంలో ఉందా, సీపీయూ (ప్రాసెసర్) పైకి లేచిందా? ఏది నిండితే రోగం అక్కడ. ఏదీ నిండకుండా అన్నీ ప్రశాంతంగా ఉండి కోరెల్ మాత్రం కదలకపోతే అది పని చెయ్యడం లేదు, దేనికోసమో ఎదురు చూస్తోంది. ర్యామ్ అమ్మేవాళ్ళు ఈ రెండో రకం గురించి చెప్పరు. మీ కోరెల్‌ది ఆ రకమేనని నా అనుమానం.

సీపీయూ అంకెతో కాస్త జాగ్రత్త. మీ ప్రాసెసర్‌లో 16 త్రెడ్‌లు ఉంటాయి. కోరెల్ చేసే చాలా పనులు వాటిలో ఒక్కదాని మీదే నడుస్తాయి. పదహారు కౌంటర్లున్న బ్యాంకులో లైనంతా ఒక్క కౌంటర్ దగ్గరే ఉన్నట్టన్నమాట. ఆ ఒక్కటి పూర్తిగా నిండినా మొత్తం మీద చూపించేది ఆరేడు శాతమే. ‘సీపీయూ ఖాళీగానే ఉంది కదా’ అని చాలామంది పొరబడేది అక్కడే. సీపీయూ గ్రాఫ్ మీద రైట్ క్లిక్ చేసి, గ్రాఫ్‌ను లాజికల్ ప్రాసెసర్స్‌కు మార్చండి. పదహారు చిన్న గళ్లు వస్తాయి. ఒకట్రెండు గళ్లు కొండెక్కి మిగతావి నేల మీద ఉంటే ఫైల్ బరువు ఎక్కువైంది. అన్నీ నేల మీదే ఉంటే ఎదురుచూపే.

ఎదురుచూపు ఎవరి కోసమో మీ ఉత్తరంలోనే ఉంది. ప్రింటర్ బిల్లింగ్ సిస్టమ్‌కు ఉందన్నారు, అంటే కొత్తదాంట్లో దాన్ని నెట్‌వర్క్‌లో షేర్ చేసి డిఫాల్ట్‌గా పెట్టి ఉంటారు. కోరెల్ తెరుచుకునేటప్పుడు డిఫాల్ట్ ప్రింటర్‌ను పలకరిస్తుంది. పేజీ కొలతలు, మార్జిన్లు అడగడానికి మధ్యమధ్యలో కూడా పలకరిస్తుంది. బిల్లింగ్ సిస్టమ్ ఆపేసి ఉంటే జవాబిచ్చేవాళ్ళుండరు, ఇది తలుపు కొడుతూ నిలబడుతుంది. పరీక్ష తేలిక. ఒకసారి బిల్లింగ్ సిస్టమ్, ప్రింటర్ రెండూ ఆన్‌లో ఉంచి కోరెల్ తెరవండి. ఇంకోసారి రెండూ ఆపి తెరవండి. తేడా కనిపిస్తే దొంగ దొరికినట్టే. సెట్టింగ్స్‌లో ప్రింటర్స్ అండ్ స్కానర్స్‌కు వెళ్లి, ‘డిఫాల్ట్ ప్రింటర్‌ను విండోస్ చూసుకుంటుంది’ అనే అర్థమొచ్చే స్విచ్‌ను ఆపెయ్యండి. తర్వాత మైక్రోసాఫ్ట్ ప్రింట్ టు పీడీఎఫ్‌ను డిఫాల్ట్‌గా పెట్టండి. ప్రింట్ తియ్యాల్సినప్పుడు అసలు ప్రింటర్‌ను ఎంచుకుంటే సరిపోతుంది. ఆ స్విచ్ ఆపకపోతే మీరు ప్రింట్ తీసిన ప్రతిసారీ విండోస్ మళ్ళీ ఆ ప్రింటర్‌నే డిఫాల్ట్‌గా మార్చేస్తుంది. ‘నిన్న బాగైంది, ఇవాళ మళ్ళీ మొదలైంది’ అనేవాళ్ళ కథ ఎక్కువగా ఇదే.

అన్నట్టు, ఆ బిల్లింగ్ సిస్టమ్‌లో విండోస్ 10 ఉంటే 2025 అక్టోబర్ 14తో దానికి మైక్రోసాఫ్ట్ మామూలుగా ఇచ్చే సపోర్ట్ అయిపోయింది. బిల్లులకు వాడుకోండి గానీ కస్టమర్ల పెన్‌డ్రైవ్‌లు దానికి పెట్టకండి.

ఇప్పుడు ఫాంట్లు. ‘పాతదాంట్లోవి మొత్తం కాపీ చేశాం’ అన్నారు చూడండి, ఫాంట్ మెనూ దగ్గర బిగుసుకుపోవడానికి కారణం చాలావరకు అదే. డీటీపీ చేసే ఏ షాపులో చూసినా ఫాంట్ల ఫోల్డర్ వేలల్లో ఉంటుంది. అనూ ఫాంట్లు ఒక సెట్, ఇంకెవరో సీడీలో ఇచ్చినవి ఒక సెట్, పెళ్ళికార్డు డిజైన్లతో పాటు దిగిన ఇంగ్లిష్ స్టైల్ ఫాంట్లు కొన్ని వందలు, ఒకే ఫాంట్ మూడు పేర్లతో. అవన్నీ విండోస్‌లో ఇన్‌స్టాల్ అయి ఉంటే కోరెల్ తెరుచుకునేటప్పుడు అన్నిటినీ లెక్క చూసుకోవాలి. మీరు లిస్టు లాగితే ప్రతి పేరుకూ దాని అక్షరాల నమూనా గీసి చూపించాలి. మధ్యలో ఒక్క ఫాంట్ ఫైల్ పాడై ఉన్నా అక్కడే ఆగిపోవచ్చు.

అలాగని గుడ్డిగా తీసేయకండి. అనూ లాంటి పాత తెలుగు ఫాంట్లు యూనికోడ్‌వి కావు, ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లోనే తెలుగు గీతలు పెట్టినవి. ఆ ఫాంట్ లేకుండా పాత సీడీఆర్ (కోరెల్ ఫైల్) తెరిస్తే ‘చిరంజీవి సౌభాగ్యవతి’ ఉండాల్సిన చోట ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా కనిపిస్తాయి. పైగా కోరెల్ దాని బదులు ఇంకో ఫాంట్ పెట్టమంటారా అని అడుగుతుంది, హడావిడిలో సరే కొట్టి సేవ్ చేస్తే ఆ ఫైల్ మళ్ళీ సరిచెయ్యడం చచ్చే చావు. అందుకని ముందు ఫాంట్లన్నిటినీ ఎస్ఎస్‌డీలో వేరే ఫోల్డర్‌లోకి కాపీ చెయ్యండి. తెలుగువి విడిగా, ఇంగ్లిష్‌వి విడిగా పెట్టుకోండి. ఆ తర్వాత విండోస్ నుంచి రోజూ వాడనివి తీసెయ్యండి. సెగో యూఐ, నిర్మలా యూఐ లాంటివి విండోస్ సొంతవి, వాటి జోలికి వెళ్లొద్దు. మీ కోరెల్ ఎక్స్8 గానీ ఆ తర్వాతది గానీ అయితే దాంతోపాటు కోరెల్ ఫాంట్ మేనేజర్ వస్తుంది. మీరు దాచిన ఫోల్డర్‌ను దానికి చూపిస్తే ఇన్‌స్టాల్ చెయ్యకుండానే కావలసిన ఫాంట్ వాడుకోవచ్చు. ఇంకోమాట, టైప్ 1 అనే పాత రకం ఫాంట్లు మీ కుప్పలో ఉంటే వాటిని మొయ్యక్కర్లేదు. అడోబీ 2023 జనవరి నాటికి వాటికి సపోర్ట్ ఆపేసింది, కొత్త ఫోటోషాప్‌లలో అవి కనిపించవు.

ఫాంట్లు, ప్రింటర్ సర్దాక కూడా ఒక్కో ఫైల్ దగ్గరే ఇబ్బంది ఉంటే సమస్య ఆ ఫైల్‌లోనే. శుభలేఖ పైన పెట్టే వినాయకుడినో, సింహాద్రి అప్పన్న బొమ్మనో ఒకసారి సెలెక్ట్ చేసి కింద స్టేటస్ బార్‌లో నోడ్ల (గీతలను కలిపే చుక్కల) సంఖ్య చూడండి. ఎప్పుడో ఎవరో మసక ఫోటోను ట్రేస్ చేసిన బొమ్మ అయితే ఒక్క తొండంలోనే వేల నోడ్లు ఉంటాయి. ఆ బొమ్మ కదిపిన ప్రతిసారీ అన్ని నోడ్లూ తిరిగి గియ్యాలి. షేప్ టూల్‌తో పట్టుకుని రిడ్యూస్ నోడ్స్ వాడండి, కంటికి తేడా తెలియనంత వరకూ తగ్గించండి. ఎప్పుడూ వాడే దేవుడి బొమ్మలు ఓ ఇరవై ఇలా శుభ్రం చేసి దాచుకుంటే సీజన్ మొత్తం హాయి. అలాగే నలభై మంది కస్టమర్ల కార్డులు ఒకే సీడీఆర్‌లో నలభై పేజీలుగా పెట్టే అలవాటు మానండి. ప్రెస్‌కు పంపే కాపీలో మాత్రమే కంట్రోల్ క్యూ కొట్టి కర్వ్స్ చెయ్యండి (అంటే అక్షరాలను గీతల బొమ్మలుగా మార్చండి), మీ దగ్గరి కాపీలో అక్షరాలను అక్షరాలుగానే ఉంచండి.

ఫోటోషాప్ సంగతి వేరు. పది బై ఎనిమిది అడుగుల ఫ్లెక్సీకి రిజల్యూషన్, అంటే అంగుళానికి ఎన్ని పిక్సెళ్లు (చుక్కలు), ఎంత పెడుతున్నారో మీరు రాయలేదు. స్క్రాచ్ డిస్క్ నిండుతోందంటే 300 పెడుతున్నారని నా ఊహ. లెక్క చూడండి. పది అడుగులంటే 120 అంగుళాలు, 300తో 36,000 పిక్సెళ్లు. ఎనిమిది అడుగులు 28,800 పిక్సెళ్లు. రెండూ గుణిస్తే 103 కోట్లు దాటాయి. ప్రింటింగ్‌కు వాడే నాలుగు రంగుల పద్ధతి సీఎంవైకేలో పిక్సెల్‌కు నాలుగు బైట్లు, అంటే ఒక్క లేయరే 4 జీబీ. పెళ్ళికొడుకు, పెళ్ళికూతురు, మండపం, పూలదండలు, నీడలు అంటూ పది లేయర్లు పెట్టాక 16 జీబీ ఏమిటి, 64 జీబీ ఉన్నా ఆపసోపాలు పడుతుంది. ఫోటోషాప్ మామూలు పీఎస్‌డీ ఫైల్‌ను ఏ వైపూ 30,000 పిక్సెళ్లు దాటనివ్వదు కూడా. పెద్ద ఫైళ్లకు వాడే పీఎస్‌బీ రకంలో సేవ్ చెయ్యమని మిమ్మల్ని ఎప్పుడైనా అడిగి ఉంటే కారణం అదే.

అదే ఫ్లెక్సీ 72తో చేస్తే 8,640 బై 6,912 పిక్సెళ్లు, లేయర్‌కు 240 ఎంబీ లోపే. బరువు పదిహేడో వంతుకు పడిపోతుంది. రోడ్డు మీద ఇరవై అడుగుల దూరం నుంచి చూసేవాళ్ళకు రెండింటికీ తేడా తెలియదు. పైగా కస్టమర్ వాట్సాప్‌లో పంపిన ఫోటోకు అసలు అన్ని పిక్సెళ్లే లేవు, మీరు 300 పెట్టినంత మాత్రాన ముఖంలో కొత్తగా స్పష్టత రాదు. మీ ప్రెస్ వాళ్ళు ఎంత అడుగుతారో కనుక్కోండి. శుభలేఖకు, చేతిలో పట్టుకుని చూసే దేనికైనా 300 ఉండాల్సిందే, అక్కడ తగ్గించొద్దు. అడుగుకు అంగుళం లెక్కన చిన్నగా డిజైన్ చేసే పద్ధతి ఉంటే మాత్రం లెక్క మారుతుంది. పది బై ఎనిమిది అంగుళాల పేజీకి 864 పెడితే గానీ అసలు కొలతలో 72 రాదు. 300 పెట్టి పంపితే ఫ్లెక్సీ మీద 25 పడుతుంది, బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి ముఖం గళ్లుగళ్లుగా వచ్చిందని కమిటీవాళ్ళు వచ్చి మీ మీదే పడతారు.

ర్యామ్ చాలుతుందో లేదో ఫోటోషాప్ తానే చెబుతుంది. ఫైల్ తెరిచి ఉన్నప్పుడు కింద ఎడమ మూలన సైజు చూపించే చోట బాణం గుర్తు ఉంటుంది. అది నొక్కి ఎఫిషియెన్సీ ఎంచుకోండి. పని చేస్తున్నంతసేపూ 100 శాతం ఉంటే ర్యామ్ సరిపోతోంది, ఇంకో 16 జీబీ వేసినా ఒరిగేది తక్కువ. 80, 70 అంటూ దిగుతుంటే ర్యామ్ చాలక స్క్రాచ్ డిస్క్‌కు వెళ్తోందన్నమాట. ప్రిఫరెన్సెస్‌లో స్క్రాచ్ డిస్క్స్ దగ్గర టిక్ దేనికి ఉందో చూడండి. పాత హార్డ్‌డిస్క్‌కు ఉంటే తీసి ఎస్ఎస్‌డీకి పెట్టండి, అందులో కనీసం వంద జీబీ ఖాళీ ఉంచండి. పెర్ఫార్మెన్స్ పేజీలో హిస్టరీ స్టేట్స్ (చేసిన పనిలో ఎన్ని మెట్లు వెనక్కి వెళ్లొచ్చో చెప్పే అంకె) మామూలుగా 50 ఉంటుంది, 20 చాలు.

పాత హార్డ్‌డిస్క్ గురించి నాకు గట్టి అనుమానమే ఉంది. టాస్క్ మేనేజర్‌లో దాని పేజీ తెరిచి ఉంచి, అందులోని ఒక డిజైన్ తెరవండి. యాక్టివ్ టైమ్ 100 శాతం చూపిస్తూ, చదివే వేగం మాత్రం ఒకటి రెండు ఎంబీల దగ్గర కొట్టుకుంటూ, రెస్పాన్స్ టైమ్ వందల మిల్లీసెకన్లు ఉంటే ఆ డిస్క్ అవసాన దశలో ఉండొచ్చు. అలాంటి డిస్క్ ఒక్కటి లోపల ఉంటే ఫైల్ ఓపెన్, సేవ్ కిటికీలు తెరిచినప్పుడల్లా సిస్టమ్ మొత్తం దాని కోసం ఆగుతుంది. క్రిస్టల్‌డిస్క్ఇన్ఫో అనే ఉచిత టూల్‌తో చూస్తే ‘గుడ్’ అనో ‘కాషన్’ అనో చెబుతుంది. కాషన్ అని పసుపు రంగులో వస్తే ఆ రోజు షాపు పని పక్కన పెట్టి ముందు డేటాను వేరే డిస్క్‌లోకి కాపీ చేసుకోండి. వేగం సంగతి తర్వాత, ఏళ్ల తరబడి చేసిన డిజైన్లు పోతే మళ్ళీ రావు. అమ్మినాయనకు డబ్బు ఇవ్వాల్సి వస్తే ర్యామ్‌కు కాదు, 1 టీబీ ఎస్ఎస్‌డీకి ఇవ్వండి. నడుస్తున్న పనులు ఎస్ఎస్‌డీలో, పూర్తయినవి హార్డ్‌డిస్క్‌లో, వాటి కాపీ ఇంట్లో ఇంకో డిస్క్‌లో ఉండాలి. కస్టమర్ పెన్‌డ్రైవ్ నుంచి నేరుగా ఫైల్ తెరిచి పని చెయ్యకండి, కాపీ చేసుకున్నాకే తెరవండి. కొత్త విండోస్ కదా, డెస్క్‌టాప్ ఫోల్డర్‌ను వన్‌డ్రైవ్‌కు కలిపేసి ఉండొచ్చు. అలా ఉంటే మీరు సేవ్ కొట్టిన ప్రతి ఫైలూ నెట్‌లోకి ఎక్కడం మొదలవుతుంది. ఉచితంగా ఇచ్చేది 5 జీబీ, మీ రెండు ఫ్లెక్సీలకు చాలదు. ఆ బ్యాకప్ ఆపండి.

ఫ్యాన్ మోత అన్నారు. బరువైన పని నడుస్తున్నప్పుడు సీపీయూ పేజీలో స్పీడ్ చూడండి. మీ ప్రాసెసర్ బేస్ స్పీడ్ 2.5 గిగాహెర్ట్జ్, ఊపు మీద 4.7 వరకు వెళ్తుంది. పని మధ్యలో 2.5 కిందికి జారుతుంటే వేడెక్కి తగ్గించుకుంటోందని అర్థం. కూలర్ సరిగా బిగించలేదేమో, దాని అడుగున ప్లాస్టిక్ పొర అలాగే వదిలేశారేమో అమ్మినాయన చేతే విప్పించి చూడండి. క్యాబినెట్‌ను గోడకు ఆనించి టేబుల్ కింద అరలో దోపకండి. గాజువాక దుమ్ముకు ముందువైపు జాలీ నెలకోసారి దులపాల్సిందే.

మీరు అడగలేదు గానీ ఇదీ చెప్పాలి. మీ కోరెల్, ఫోటోషాప్ బిల్లుతో కొన్నవా, అమ్మినాయన ‘వేసి ఇచ్చినవా’? యాంటీవైరస్ ఆపితేనే ఎక్కే కాపీ అయితే దాంతో ఏమేం లోపలికి వచ్చాయో ఎవరికీ తెలియదు. ఏ సాఫ్ట్‌వేరూ తెరవకుండా సిస్టమ్ ఆన్ చేసి పది నిమిషాలు వదిలెయ్యండి. అప్పుడూ సీపీయూ గానీ జీపీయూ (గ్రాఫిక్స్ కార్డు) గానీ నిండుగా పరిగెడుతుంటే, దొంగచాటుగా క్రిప్టో కరెన్సీ తవ్వుకుంటూ మీ కరెంటు మీద ఇంకెవరో సంపాదించుకుంటున్నారని అనుమానించాలి. మీ మేనల్లుడి ఫార్మాట్‌కు నేను ఒప్పుకునేది ఆ ఒక్క సందర్భంలోనే, అది కూడా డేటా తీసుకున్నాక, అసలు కాపీలతో.

ఇక ర్యామ్. టాస్క్ మేనేజర్ మెమరీ పేజీలో ‘స్లాట్స్ యూజ్డ్’ ఎంతో చూడండి. 16 జీబీ ఒకే స్టిక్కుగా వేసి ఉంటే, అలాంటిదే రెండోది వేస్తే రెండూ జోడీగా నడిచి కొంత వేగం వస్తుంది, మాట నిజమే. అందులోనూ మదర్‌బోర్డుకు నాలుగు స్లాట్లుంటే మామూలుగా ప్రాసెసర్ వైపు నుంచి రెండోది, నాలుగోది వాడాలి, పక్కపక్కన దోపితే జోడీ కుదరదు. ఎఫిషియెన్సీ 100 కిందికి దిగుతున్నట్టు కళ్లారా చూశాకే ఆ ఖర్చు పెట్టండి. ఫ్లెక్సీలను 72కు దించాక కూడా దిగుతుందా అన్నది ముఖ్యం.

డిఫాల్ట్ ప్రింటర్ మార్చడం, వైరు మార్చడం ఈ సాయంత్రమే అయిపోతాయి, ఫాంట్లకు ఒక ఆదివారం పడుతుంది. అప్పటికీ కోరెల్ మొండికేస్తే ఎఫ్8 నొక్కి పట్టుకుని తెరవండి. వర్క్‌స్పేస్ (టూళ్లు, మెనూల అమరిక) కొత్తగా మొదలవుతుంది. మీరు పెట్టుకున్న షార్ట్‌కట్లు పోతాయి కాబట్టి ముందే వాటిని ఎక్స్‌పోర్ట్ చేసుకోండి. అదీ పని చెయ్యకపోతే బిగుసుకుపోయిన క్షణంలో టాస్క్ మేనేజర్ స్క్రీన్‌ను ఫోన్‌తో ఫోటో తీసి, కోరెల్ ఏ వెర్షనో రాసి పంపండి.